సూపర్ కాంట్రా: కాసెట్ మీద పేరు, పేరు వెనక జంగ్



1990 ఫిబ్రవరిలో ఒకదానితో ఒకటి ఏ తాల్లుకూ లేని రెండు సంగతులు జరిగాయి. ఫిబ్రవరి 2న జపాన్‌లో కొనామి అనే కంపెనీ ఒక వీడియోగేమ్ కాసెట్‌ని బజారులోకి వదిలింది. దాని పేరు సూపర్ కాంట్రా. సరిగ్గా ఇరవై మూడు రోజుల తర్వాత, ఫిబ్రవరి 25న, సముద్రం అవతల నికరాగువా అనే చిన్న ముల్క్‌లో ఎలక్షన్లు జరిగాయి. పదేళ్లకు పైగా హుకూమత్‌లో ఉన్న సాండినిస్టాలు ఓడిపోయారు. ఆ సాండినిస్టాల మీద అన్నేళ్లూ తుపాకులతో జంగ్ చేసిన గుంపులను దునియా అంతా పిలిచిన పేరు కూడా కాంట్రాలే.

మా విస్సన్నపేటలోగానీ, తిరువూరులోగానీ, నూజివీడులోగానీ ఇప్పుడు ముప్పై అయిదు, నలభై ఏళ్ల వయసున్న ఏ అబ్బా దగ్గరైనా "కాంట్రా" అనే మాట అని చూడండి. బొటనవేళ్లు వాటంతట అవే కదులుతాయి. మీసం నెరిసినవాడు కూడా "తీస్ లైఫ్ వాలా గేమ్" అంటూ నవ్వుతాడు. ఆ మాటకి మతలబ్ ఏంటి భాయ్ అని అడిగితే మాత్రం, "గేమ్ పేరు, ఇంకేముంటుంది" అనేస్తాడు. అతని తప్పేం లేదు. ఆ మతలబ్ కాసెట్ మీద రాసి లేదు. ఇవాళ దాని తారీఖ్ కొంచెం చెప్పుకుందాం. బాద్‌షాల తారీఖ్, నవాబుల తారీఖ్ చాలామంది రాస్తున్నారు. మన ఇంటి టీవీ ముందు చాప మీద కూర్చుని మనం సొంతంగా నడిపిన జంగ్ సంగతి ఎవరూ రాయడం లేదు.

ముందు ఆట సంగతి.

కొనామి 1987 ఫిబ్రవరిలో కాంట్రా ఆర్కేడ్ మెషీన్ తెచ్చింది. ఆర్కేడ్ అంటే అల్మారీ అంత డబ్బా, దానికో టీవీ తెర, కింద సిక్కా వేసే చీలిక. బిల్, లాన్స్ అని ఇద్దరు సిపాయిలు. ఒళ్లంతా కండలు, చేతిలో తుపాకీ. కుడివైపుకి పరుగెత్తుతూ, దూకుతూ, పడుకుంటూ, కనిపించినవాణ్ణల్లా కాల్చుకుంటూ పోవాలి. ఒక్క గుండు తగిలితే చావే. జపాన్ వాళ్లు రాసుకున్న కిస్సా ప్రకారం అది 2633వ సంవత్సరం, న్యూజీలాండ్ దగ్గరి దీవులు, వేరే గ్రహం నుంచి వచ్చిన దుష్మన్. ఏడాది తిరక్కుండానే, 1988 జనవరిలో, దాని రెండో భాగం సూపర్ కాంట్రా కూడా ఆర్కేడ్‌లోకే వచ్చింది. అక్కడినుంచి ఇంటి టీవీకి చేరడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

ఆ రెండేళ్లలో జరిగిన పని నాకు చాలా ఇష్టమైన భాగం. ఆర్కేడ్ ఆటని ఇంటి మెషీన్‌లోకి తెచ్చారు అని మామూలుగా అనేస్తాం. నిజానికి అది తేవడం కాదు, మళ్లీ కట్టడం. ఆర్కేడ్ డబ్బాలో పెద్ద మెషీన్ ఉంటుంది. ఇంటి మెషీన్ నింటెండో వాళ్ల ఫామికామ్, 1983 జూలైలో వచ్చింది. దాని లోపల పనిచేసే మెమరీ రెండు కిలోబైట్లు. తెర మీద ఒకే అడ్డగీతలో ఎనిమిది బొమ్మ ముక్కలకంటే ఎక్కువ నిలబెట్టలేదు. అంతకంటే ఎక్కువైతే కొన్ని మాయమైపోతాయి. దుష్మన్లు గుంపుగా వచ్చినప్పుడు గుండ్లు మిణుకు మిణుకుమనేవి గుర్తుందా? టీవీ ఖరాబ్ అయిందని అమ్మీ తిట్టేది. టీవీకేం కాలేదు. మెషీన్ తన తాఖత్‌కి మించిన బరువు మోస్తూ, ఒక గుండుని ఈ క్షణం, ఇంకో గుండుని మరుక్షణం చూపిస్తూ సర్దుకునేది. సూపర్ కాంట్రా మొత్తం, బొమ్మలూ సంగీతమూ అన్నీ కలిపి, 256 కిలోబైట్లు. ఈద్ ముబారక్ అని వాట్సాప్‌లో వచ్చే పువ్వుల ఫోటోల్లో చాలావాటికి అంతకంటే ఎక్కువ జాగా కావాలి.

ఇంకా పెద్ద తేడా హిసాబులో ఉంది. ఆర్కేడ్‌లో ఆడేవాడు ఎంత జల్దీ చస్తే యజమానికి అంత ఆమ్‌దనీ. సిక్కా మీద సిక్కా పడాలి. అందుకే ఆ ఆటలు చిన్నవి, బేరహమ్‌వి. ఇంటి కాసెట్‌కి ఖీమత్ ఒక్కసారే కడతారు. పిల్లాడు వందసార్లు చచ్చినా కంపెనీకి ఇంకో పైసా రాదు. కాబట్టి ఆ కాసెట్ నెలల తరబడి ఇంట్లో నిలవాలి, కొన్న తల్లిదండ్రులకు పైసా వసూల్ అనిపించాలి. ఆర్కేడ్ సూపర్ కాంట్రాలో అయిదు స్టేజీలు. ఇంటి సూపర్ కాంట్రాలో ఎనిమిది. బజారు మెషీన్‌లో లేని స్టేజీలు ఇంట్లో కూర్చున్న పిల్లల కోసమే కట్టారు. 

మొదటి కాంట్రాలో తెర లోపలికి నడిచే గోడల దారి స్టేజీలు రెండు ఉండేవి. రెండోదానిలో వాటి బదులు పైనుంచి చూసే స్టేజీలు పెట్టారు, మేడ మీద నిలబడి గల్లీని చూసినట్టు. నేల ఏటవాలుగా ఉండే చోట్లు కూడా వచ్చాయి. ఇవి చిన్న సంగతులే. నన్ను ఆపేది కథ. మొదటి ఆటలో దుష్మన్ బయటి గ్రహంవాడు. రెండో ఆటలో బిల్, లాన్స్ వెళ్లేది తమ సొంత ఫౌజ్ స్థావరానికే. అక్కడున్న సిపాయిలను ఆ బయటిశక్తి ఆవహించింది, మన జబాన్‌లో చెప్పాలంటే వాళ్ల మీద శైతాన్ సవార్ అయింది. మనం కాల్చి పడేసే ఒక్కొక్కడూ నిన్నటిదాకా తోటివాడే. ఆడే వయసులో ఈ సంగతి ఎవరికి తెలుసు? మన చేతికి వచ్చిన కాసెట్‌తో కథ చెప్పే కాగితం రాలేదు.

ఇక పేరు సంగతి.

నికరాగువాలో సొమోజా ఖాందాన్ నలభై ఏళ్లకు పైగా ఏలింది. 1979 జూలైలో సాండినిస్టాల ఇంఖిలాబ్ వాళ్లను దించేసింది. ఆ ఇంఖిలాబ్‌కి ముఖాలిఫ్‌గా లేచిన హథియార్‌బంద్ గుంపులే కాంట్రాలు. స్పానిష్‌లో ఆ మాటకి ముఖాలిఫ్ అనే అర్థం. వాళ్లకి పైసా, బందూక్, శిక్షణ అన్నీ అమెరికా ఇచ్చింది. ఊళ్లు తగలబెట్టారు, ఆస్పత్రులనీ పాఠశాలలనీ వదల్లేదు. నికరాగువా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1986 జూన్ 27న హేగ్ అదాలత్ అమెరికాకి ఖిలాఫ్‌గా ఫైసలా ఇచ్చింది. అమెరికా లెక్కచేయలేదు.

ఇందులో మనకేం పని అంటారా? ఉంది. అమెరికా సొంత కాంగ్రెసే కాంట్రాలకి పైసా ఇవ్వకూడదని ఖానూన్ చేసింది. అప్పుడు రొనాల్డ్ రీగన్ వైట్‌హౌస్‌లో కొందరు వేరే దారి వెతికారు. ఇరాన్‌కి హథియార్లు అమ్మకూడదన్న బందిష్ కూడా అమెరికాదే. ఆ బందిష్‌ని తామే తెంచి, ఇరాన్‌కి చాటుగా మిసైళ్లు అమ్మారు. లెబనాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్లను విడిపించుకోవచ్చని ఒక ఆశ. వచ్చిన లాభంలో కొంత తీసుకెళ్లి కాంట్రాల చేతిలో పెట్టారు. ఈ సౌదా ఖబర్ మొదట బయటపెట్టింది బేరూత్‌లో అచ్చయ్యే అష్‌షిరా అనే అరబీ పత్రిక, 1986 నవంబరు 3న. ఆ నెల 25న అమెరికా అటార్నీ జనరలే పైసా కాంట్రాలకి మళ్లిందని ఒప్పుకున్నాడు. 1987 వేసవి అంతా విచారణలు టీవీలో నడిచాయి. కాంట్రా ఆర్కేడ్ మెషీన్ వచ్చింది ఈ రెండింటికీ మధ్య, 1987 ఫిబ్రవరిలో. ఆ మాట దునియాలో అన్ని అఖ్బారుల మొదటి పేజీలో ఉన్న రోజుల్లో.

ఆ మిసైళ్లు ఎక్కడ పేలాయో మరిచిపోకండి. 1980 సెప్టెంబరు నుంచి 1988 ఆగస్టు దాకా ఇరాన్, ఇరాక్ ఎనిమిదేళ్లు కొట్టుకున్నాయి. అటూ కలిమా చదివేవాళ్లే, ఇటూ కలిమా చదివేవాళ్లే. లక్షల మంది పోయారు. అందులో మీసం మొలవని పిల్లలు కూడా ఉన్నారు. అమెరికా ఇరాన్‌కి మిసైళ్లు అమ్మిన రోజుల్లోనే ఇరాక్‌కి యుద్ధ సమాచారం కూడా ఇస్తూ ఉంది. ఒక ముస్లిం కొడుకుని ఇంకో ముస్లిం కొడుకు చంపడానికి కట్టిన ఖీమత్‌లో కొంత ముక్క నికరాగువాలో ఒక రైతు ఇంటి మీద పడింది. మొత్తం కారోబార్‌కి అఖ్బారులు పెట్టిన పేరు ఇరాన్-కాంట్రా.

కొనామి వాళ్లు కాంట్రా అన్న మాటని మూడు చీనీ అక్షరాలతో రాసుకున్నారు. మొదటిదానికి రూహ్ అని, రెండోదానికి పోరాటం అని అర్థం వస్తుంది, మూడోది ధ్వని కోసం. గెరిల్లా జంగ్‌లో మాహిర్ అయినవాణ్ణి కాంట్రా అంటారని ఆట కథలో ఒక వివరణ ఇచ్చారు. నికరాగువా ఊసు అందులో లేదు. కానీ ఆట చివర, దుష్మన్ గుండె పేలిపోయాక వినిపించే సంగీతం ఉంది చూశారా, దాని పేరు సాండినిస్టా. సంగీతం కట్టినవాళ్లకి ఆ మాట ఎక్కడిదో బాగా తెలుసన్నమాట. కాంట్రా గెలిచాక సాండినిస్టా పాట ఎందుకు పెట్టారు? వెక్కిరింతా, ఇజ్జతా? నాకైతే ఆఫీసులో రాత్రిపూట కూర్చున్న ఎవరో కుర్రాడి చిలిపితనం అనిపిస్తుంది. కాల్చినంతసేపూ ఒకడి పేరు, కాల్చడం ఆగాక రెండోవాడి పేరు.

రెండో భాగం ఇంటికొచ్చేసరికి ఆ పేరు బరువైపోయింది. జపాన్‌లో సూపర్ కాంట్రా అనే వచ్చింది. అమెరికాలో 1990 ఏప్రిల్‌లో అదే ఆట "సూపర్ సి" అనే పేరుతో దుకాణాలకి చేరింది. కాంట్రా అన్న మాటలో మొదటి అక్షరం మాత్రం మిగిలింది. అదే ఏప్రిల్ 7న రీగన్ సలహాదారు జాన్ పాయిండెక్స్‌టర్‌ని అదాలత్ ఈ కేసులోనే ముజ్రిమ్ అని తేల్చింది. అంతకుముందు ఏడాది మే నెలలో ఆలివర్ నార్త్‌ని తేల్చింది. తర్వాత పై అదాలత్‌లు ఇద్దరి శిక్షలూ కొట్టేశాయి, అది వేరే సంగతి. యూరప్‌లో ఇంకా దూరం పోయారు. మొదటి ఆర్కేడ్‌కి అక్కడ గ్రైజార్ అని పేరు పెట్టారు. ఇంటి ఆటల్లో మనుషుల్నే తీసేసి రోబోట్లను పెట్టి ప్రోబోటెక్టర్ అన్నారు. పిల్లల చేతికి ఏది ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు అనే విషయంలో జర్మనీ ఖానూన్ అప్పట్లో చాలా గట్టిది. మనిషి మనిషిని కాల్చే ఆటని అమ్మడం కష్టం. 1992లో రెండో భాగం ప్రోబోటెక్టర్ 2గా వచ్చింది. ఆట అదే, గుండ్లు అవే, చచ్చేవాడు మాత్రం ఇనుపవాడు.

అమెరికా దాచుకున్న మాట, యూరప్ చెరిపేసిన మాట, ఎక్కడా అతుకు లేకుండా పూర్తిగా మిగిలింది మన దగ్గర.

మన దగ్గరికి ఎలా వచ్చిందో చూడండి. తైవాన్‌లో ఫామికామ్ చిప్‌ల నకళ్లు తయారయ్యాయి. వాటితో నకలీ మెషీన్లు దునియా అంతా పోయాయి. రష్యాలో డెండీ అన్నారు. మన దేశంలో మీడియా లాంటి పేర్లతో డబ్బాలు దొరికేవి. చెన్నై బర్మా బజార్, హైదరాబాద్ కోఠీ గల్లీలు, విజయవాడ వన్‌టౌన్, అక్కడినుంచి బస్సు మీద సంచిలో మన ఊళ్లకి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల పెట్టెల్లో కూడా దిగేవి, టూ-ఇన్-వన్ పక్కన, అత్తరు సీసాల మధ్య. 1990 ఆగస్టు 2న ఇరాక్ ఫౌజ్ కువైట్‌లో దిగినప్పుడు మనవాళ్లు చాలామంది ఆ పెట్టెలన్నీ వదిలేసి, అమ్మాన్ మీదుగా ఒంటి మీద బట్టలతో వచ్చారు. లక్షన్నరకు పైగా హిందుస్తానీలను విమానాల్లో తెచ్చారు. ఒక జంగ్ ముగిసిన రెండేళ్లకే ఇంకో జంగ్. ఆ కుటుంబాలు మళ్లీ నిలదొక్కుకుని, మళ్లీ వీసాలు తెచ్చుకుని, తొంభైల నడిమిలో పిల్లలకి ఈ డబ్బాలు కొనిచ్చాయి.

కొనలేనివాళ్లకి గంట అద్దె దుకాణాలు ఉండేవి. ఈదీ పైసలు ఈద్‌గాహ్ నుంచి సీదా అక్కడికే. ఇంట్లో డబ్బా ఉంటే మాత్రం వేరే రుబాబు. యాంటెన్నా వైరు పీకి ఆట వైరు గుచ్చి, బొమ్మ కనిపించేదాకా ఛానెల్ ట్యూన్ చేసి, చక్రం ఒక వెంట్రుక అటు తిప్పితే రంగు, ఇటు తిప్పితే చీమలు. నాన్నలకి న్యూస్ టైమ్, నానీలకి సీరియల్ టైమ్, మగ్రిబ్ అజాన్‌కి అందరికీ బంద్.

కాసెట్ మీద 9999999 ఇన్ 1 అని ఉండేది. లోపల నాలుగైదు ఆటలే, ఒక్కోదాన్ని వేర్వేరు స్టేజీల నుంచి మొదలుపెట్టి మళ్లీ మళ్లీ లెక్కపెట్టేవాళ్లు. ఆ లేబుల్ అచ్చువేసినవాడికి ఏ కాంగ్రెస్ ఖానూనూ, ఏ జర్మనీ కమిటీ పట్టవు. ఏ పేరు అమ్ముడవుతుందో ఆ పేరే వేశాడు. అందుకే రెండో భాగం మనకి సూపర్ కాంట్రా గానే తెలుసు.

మొదటి ఆటలో ఒక చాటు తాళంచెవి ఉంది: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ. ముప్పై లైఫులు. దీన్ని మొదట పెట్టినవాడు కొనామిలో పనిచేసిన కజుహిసా హషిమోతో. 1986లో గ్రాడియస్ అనే ఆటని ఇంటి మెషీన్‌కి మార్చుతుంటే, పరీక్షించడానికి తనకే ఆడటం చేతకాక ఈ దారి పెట్టుకున్నాడు. అది అలాగే కాసెట్‌లో ఉండిపోయింది. 2020 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. సూపర్ కాంట్రాలో ఈ పాత తాళంచెవి పనిచేయదు. దానికి వేరే ఉంది: కుడి, ఎడమ, కిందికి, పైకి, ఎ, బి, స్టార్ట్. వచ్చేది కూడా పది లైఫులే. చాలామంది పాతది నొక్కి నొక్కి బటన్లు అరగ్గొట్టుకున్నారు.

మొదటి ఆటలో ఇంకొకటి ఉండేది. ఇద్దరు ఆడుతుంటే, ఒకడి లైఫులు అయిపోయాక బటన్ నొక్కి రెండోవాడి లైఫు ఒకటి తీసుకోవచ్చు. అడగక్కర్లేదు. నొక్కితే అటువైపు ఒకటి తగ్గి ఇటువైపు ఒకటి లేస్తుంది. అన్నదమ్ముల మధ్య ఎన్ని ఝగడాలు దీనిమీద! "మేరా లైఫ్ లియా" అని అరుపులు, అమ్మీ దాకా ఫిర్యాదులు. ఖర్జ్, హఖ్, అమానత్ అనే మాటలు మదరసాలో వినేముందే మనవాళ్లు వాటిమీద కొట్టుకున్నారు.

హఖ్ అనే మాట వచ్చింది కాబట్టి నకలీ కాసెట్ల సంగతి దాటేయడం సరికాదు. మనం ఆడినదానిలో కొనామికిగానీ, హషిమోతో లాంటివాళ్లకిగానీ పైసా చేరలేదు. 1988 డిసెంబరులో, గల్ఫ్ జంగ్‌కి ముందు, అదే కువైట్‌లో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ కూడి, రచన హక్కు, కనిపెట్టినవాడి హక్కు, వ్యాపార పేరు హక్కు ఇవన్నీ షరీఅత్ కాపాడే హక్కులేనని ఖరార్ చేసింది. చేత్తో పట్టుకోలేని వస్తువుకి కూడా మాలిక్ ఉంటాడని అర్థం. ఉలమా ఇటు ఈ ఫైసలా రాస్తున్నప్పుడే అటు తైవాన్‌లో చిప్పులు పోతపోస్తున్నారు. విస్సన్నపేటలో అద్దె గంట లెక్కన ఆడుకున్న పిల్లాడికి గునాహ్ అంటగట్టడం నాకు ఇష్టం లేదు. అసలు కాసెట్ అతని ఊళ్లో ఏ దుకాణంలోనూ అమ్మకానికి లేదు, ఉన్నా అతని అబ్బా కొనగలిగేది కాదు. కానీ ఇప్పుడు మన పిల్లలకి సంపాదన ఉంది, అసలుది కొనుక్కోవడానికి దొరుకుతుంది. ఆనాటి ఉజ్ర్ ఈనాటికి చెల్లుతుందా అనేది ఎవరి ఇంట్లో వాళ్లు మాట్లాడుకోవలసిన సవాల్.

ఈ కథకి ఇంకో ముక్క ఉంది. 2009 ఏప్రిల్‌లో ఇదే కొనామి ఒక కొత్త ఆటని ఎలాన్ చేసింది. పేరు సిక్స్ డేస్ ఇన్ ఫల్లూజా. 2004లో ఇరాక్‌లోని ఫల్లూజా నగరం మీద అమెరికా ఫౌజ్ చేసిన హమ్లానే ఆట. ఈసారి దుష్మన్‌కి గ్రహం లేదు, 2634వ సంవత్సరమూ లేదు. గల్లీలు నిజం, ఇళ్లు నిజం, మస్జిదులు నిజం. చనిపోయిన సిపాయిల కుటుంబాలు, జంగ్ వ్యతిరేకులు మండిపడ్డారు. ఆ నెలాఖరుకే కొనామి తప్పుకుంది. ఆట మాత్రం పూర్తిగా పోలేదు. వేరే కంపెనీ చేతిలో మళ్లీ లేచి, 2021లో అమెరికా ముస్లింల సంస్థ కెయిర్ దీన్ని అమ్మొద్దని పెద్ద కంపెనీలను కోరినా, 2023లో బజారుకి వచ్చింది.

కాంట్రా పేరులో ఉన్న జంగ్ మనకి కనిపించలేదు, ఎందుకంటే బొమ్మలో అది లేదు. ఫల్లూజాలో దాపరికం లేదు. గడ్డం, అరబీ రాతలు, అజాన్ వినిపించే వీధి, వాటి ముందు తుపాకీ పట్టుకున్న మన పిల్లాడి వేలు. ఇలాంటి ఆటలు ఇప్పుడు చాలా ఉన్నాయి. పిల్లాడి చేతిలో ఫోన్ లాక్కునే ముందు, పక్కన కూర్చుని ఒక అరగంట ఆ తెర చూడండి. ఎవణ్ణి కాలుస్తున్నావు బేటా, వాడి ఊరేంటి అని అడగండి. కోపంగా వద్దు. మనం కూడా ఒకప్పుడు సొంత ఫౌజ్ వాళ్లనే కాల్చుకుంటూ పోయినవాళ్లమే.

పాత డబ్బాలు ఇప్పుడు అటక మీద కూడా లేవు, ఇనుపసామాను బండికి వేసేశాం. ఆటలు మాత్రం పోలేదు. అరచేతిలో పట్టే చిన్న ప్లాస్టిక్ మెషీన్, 400 ఇన్ 1, ఉర్సుల్లో, సంతల్లో బొమ్మల దుకాణాల ముందు వేలాడుతోంది. ఆన్ చేసి మెనూలో కిందికి పోతే కాంట్రా, దాని కింద సూపర్ కాంట్రా. సి అని కాదు, ప్రోబోటెక్టర్ అని కాదు. పూర్తి పేరే.